నీడపట్టు పని

పరశురాములు కింది పెదవి తీసేసిన రోజు సిరిసిల్లలో సాంచాలు బందు ఉన్నాయి. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. హైదరాబాదు ఆసుపత్రిలో ఆపరేషన్ గది బయట కూర్చుని నేను సిరిసిల్ల పక్కనే ఉన్న తంగళ్ళపల్లికి, మా మరదలు బాలామణికి ఫోన్ చేశాను. ఆ ఇంటికి ఎప్పుడు ఫోన్ చేసినా పక్క షెడ్ల సాంచాల చప్పుడులోంచి మాట ఏరుకోవాలి. ఆ రోజు ఆమె ఊపిరి కూడా వినిపించింది.

"అయిపోయిందా వదినా?"

"అయిపోయింది."

"ఎంత తీసిన్రు?"

"కింది పెదవి మొత్తం తీసిన్రు. గదుమ కొంత తీసిన్రు."

"మరి బువ్వ ఎట్ల తింటడు?"

ఆ మాట నేను డాక్టరును అడగలేదు. అడగలేదనే చెప్పాను.

పరశురాములు నా తమ్ముడు. అమ్మ, బాపు ఇప్పుడు లేరు; వాళ్ళకు మేమిద్దరమే. నేను చదువుకుని టీచరునయ్యాను. కోరుట్లలో సర్కారు హైస్కూలులో తెలుగు చెబుతాను. వాడు సాంచాలు నడిపాడు, తరువాత మస్కట్ పోయాడు. బాలామణి మా మేనమామ బిడ్డ. వాళ్ళకు ఒక్కతే కూతురు, అక్షిత. ఆ పిల్లను, బీడీల పనిని వదిలి బాలామణి రాలేకపోయింది కనుక ఆసుపత్రికి నేను సెలవు పెట్టి వచ్చాను.

సాయంత్రం వాడికి మెలకువ వచ్చింది. మొహం కింది సగమంతా కట్టు. నన్ను గుర్తుపట్టాడు. చెయ్యి మెల్లగా లేపి, రెండు వేళ్ళు దగ్గరికి చేర్చి విడదీశాడు.

పోగు తెగింది అన్నాడు.

అది మా షెడ్డు భాష. సాంచాలు నడుస్తుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకే పని వాళ్ళు చేతులతో మాట్లాడుకుంటారు. వేళ్ళు విడదీస్తే పోగు తెగిందని. అరచెయ్యి నెత్తి మీద పెట్టుకుంటే ఆసామి, అంటే సాంచాల యజమాని, వస్తున్నాడని. అరచెయ్యి బోర్లించి కిందికి రెండుసార్లు అదిమితే సాంచా బందుపెట్టమని. బడి నుంచి వచ్చి కండెలు చుడుతూ ఆ సైగలన్నీ నేను అక్షరాలతో పాటే నేర్చుకున్నాను. ఆపరేషన్ రోజు నుంచి వాడి మాటలు బయటివాళ్ళకు చెప్పే పని నాదయింది. వాడికి రాత కొద్దిగా వచ్చు గాని, చూపు ఆనక కాగితం ముక్కుకు తాకించి రాయాలి. ఇప్పుడు తాకించడానికి వీలు లేదు.

వాడు పుట్టడమే తెల్లగా పుట్టాడు. మొక్కజొన్న పీచులాంటి జుట్టు, తెల్లని కనురెప్పలు. ఎండలోకి తీసుకొస్తే కళ్ళు మూసుకుని ఏడ్చేవాడు. వాడలో అందరూ వాడిని దొర అని పిలిచేవాళ్ళు. కొందరు ముద్దుగా, కొందరు ఎగతాళిగా. అమ్మ దిగులు పడితే మా బాపు ఒకటే మాట అనేవాడు.

"మనది నీడపట్టు పని. పొద్దు మీదికి రాకముందే షెడ్డుల వడుతం, పొద్దుగూకినంక బయటికస్తం. వానికేం ఫికర్ లేదు."

బాపు మాట చాలా ఏళ్ళు నిజమైంది. రేకుల షెడ్డులో ఉడికిపోయేవాడు గాని వాడి తోలు పాడు కాలేదు. చూపు తక్కువైనా వేళ్ళతో పోగు వెతికి ముడి వేసేవాడు. పెళ్ళయింది. తరువాత సాంచాలకు పని తగ్గింది. ఆసాములు ఒక్కొక్కరుగా సాంచాలను పాత ఇనుముకు తూకమేసి అమ్మారు. మా వాడలోనే కొన్ని ఇళ్ళల్లో దూలాలకు మనుషులు వేలాడారు. అలాంటి ఇంటి ముందు నుంచి పోతున్నప్పుడు అమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని నడిచేది, పెళ్ళయిన వాడైనా సరే.

షెడ్డులో వాడితో జోడీగా పనిచేసిన దశరథం భీవండి పోయాడు. తమ్ముడూ వెంట పోయాడు గాని, అక్కడి కొత్త సాంచాలకు వాడి చూపు సరిపోలేదని వెనక్కి పంపారు. చూపు అక్కర్లేని పని మస్కట్‌లో దొరికింది. రోడ్డు పక్క రాళ్ళు పరిచే పని. మట్టి తవ్వి, చదును చేసి, రాయి పక్కన రాయి పెట్టి కొట్టాలి. పొద్దున మొదలైతే పొద్దు దిగేదాకా నెత్తి మీద ఏమీ ఉండదు.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు వాడు చెప్పిన ముచ్చట నాకు గుర్తుంది.

"కొత్త ఇంజనీరు కారు దిగి సీదా నా దిక్కే అచ్చిండక్కా. గుడ్ మార్నింగ్ సార్ అని చెయ్యి చాపిండు. నేను పార కింద వెట్టి చెయ్యి కలిపిన. ఆయన పారను చూసిండు, నన్ను చూసిండు. మల్ల జేబుల కెల్లి రుమాలు దీసి చెయ్యి తుడుసుకున్నడు."

అందరం నవ్వాం. వాడే ఎక్కువ నవ్వాడు. అమ్మ మాత్రం వాడి చెవులు చూస్తూ ఉంది. చెవుల అంచులు కాలి పొక్కులు కట్టి ఉన్నాయి.

వచ్చిన ప్రతిసారీ వాడి మొహం మీద గోధుమరంగు మచ్చలు పెరిగాయి. ఒకసారి కింది పెదవి మీద పగులు కనిపించింది. అడిగితే ఎండకు పగిలిందన్నాడు. ఆ ఒక్కసారి సరిగ్గానే చెప్పాడు. మరుసటిసారికి ఆ పగులు పుండయింది. అప్పటికి మాట మారింది. సాంచాల మీద నిద్ర ఆపుకోవడానికి మావాళ్ళు అంబర్ నములుతారు. పొగాకు. వాడూ నమిలేవాడు, మస్కట్‌లో కూడా మానలేదు. గదిలో వాళ్ళందరూ అది అంబర్ పుండేనన్నారు. ఇక్కడి ఆర్.ఎం.పి. కూడా అదే అన్నాడు. మాకెవరికీ అనుమానం రాలేదు. పెదవి మీద పుండు, నోట్లో పొగాకు; ఇంకేం చూడాలి?

వాడు వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాడు. కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేశాడు. ఇక అంబర్ ముట్టనన్నాడు, ముట్టలేదు. అలవాటు మానడానికి మనిషి ఎంత అవస్థ పడ్డాడో బాలామణి చూసింది. మానేశాడు కాబట్టి పుండు మానుతుందని నమ్మాడు. ఆ నమ్మకంతో మళ్ళీ మస్కట్ పోయి ఎండలో నిలబడ్డాడు.

ఆసుపత్రి నుంచి పంపేముందు డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"గుట్కా తినేవాడా?"

"అంబర్ తినేవాడు. మానేసి ఏండ్లయింది."

"పొగాకుతో వచ్చే క్యాన్సర్ ఎక్కువగా నోటి లోపల మొదలవుతుంది. ఇతనిది బయట అంచున మొదలైంది. చెవులు చూడండి, ముక్కు చూడండి. అన్నీ ఎండ పడే చోట్లే. ఎండను ఆపే రంగు ఇతని తోలులో పుట్టుకతోనే లేదు. ఇలాంటి మనిషిని అన్నేళ్ళు ఎండలో పనిచేయించారా? ఎవరూ చెప్పలేదా?"

"లేదు" అన్నాను.

ఆమె వాడి చెవి అంచు తడిమి చూసి, "పిల్లలున్నారా?" అంది.

"ఒక ఆడపిల్ల."

"ఆమె కూడా ఇలాగే ఉంటుందా?"

నేను జవాబు చెప్పేలోపే మంచం మీద వాడు తల ఊపాడు.

"అయితే ఒక్కసారి తీసుకురండి. ఒళ్ళంతా చూస్తాను. చిన్నప్పుడే ఎండ నుంచి కాపాడితే ఆ పిల్లకు ఈ గతి పట్టదు."

డాక్టరమ్మ లేచి పోయాక వాడు నా చెయ్యి వదల్లేదు. కళ్ళు అటూ ఇటూ కదులుతూనే ఉన్నాయి. పుట్టుకతోనే వాడి కళ్ళు ఒక్కచోట నిలవవు. అక్షిత కళ్ళూ అంతే.

ఇంటికి వచ్చాక వాడు మూతికి తెల్లని తువ్వాలు కట్టుకుని తిరిగేవాడు. పెదవి లేనిచోట చొంగ ఆగేది కాదు. బాలామణి గంజి పలుచగా చేసి, తల వెనక్కి వాల్చి, చెంచాతో గొంతు దగ్గర పోసేది. సగం తువ్వాలు తాగేది. తినేటప్పుడు ఎవరినీ గదిలోకి రానిచ్చేవాడు కాదు, కూతురిని కూడా.

భీవండి నుంచి దశరథం ఊరికి వచ్చి ఉన్నాడు. సాంచాల చప్పుడుకు అతని చెవులు పోయాయి. గుమ్మంలో నిలబడి వాడంతా వినపడేలా అరిచాడు.

"ఏందిరో దొరా, మూతికి చిక్కం కట్టిన్రా? ఎవ్వల చేన్ల వడ్డవు?"

పరశురాములు అరచెయ్యి నెత్తి మీద పెట్టుకుని బాలామణి వైపు చూపించాడు. ఆసామి ఉంది, మెల్లగా మాట్లాడు అని. దశరథం విరగబడి నవ్వాడు. ఇద్దరూ గోడకు ఆనుకుని చాలాసేపు చేతులతో మాట్లాడుకున్నారు. మధ్యలో తమ్ముడి భుజాలు ఊగాయి.

"నవ్వకు, కుట్లు తెగుతయి" అని బాలామణి గదిమింది. "నువ్వు నవ్వియ్యకు దశరథం అన్నా."

"ఏందీ?"

"నవ్వియ్యకు అంటున్న!"

"వానికి మూతి లేదు, నాకు చెవుల్లేవు. ఇద్దరం గల్సి ఒక మనిషి లెక్క చెల్లెమ్మా. నవ్వనియ్యి."

అప్పుడే పక్కింటి బుచ్చవ్వ వచ్చి కూర్చుంది. చూసిపోవడానికి వచ్చిన వాళ్ళందరిలాగే ఆమె కూడా ముందు నిట్టూర్చింది. "అంబర్ తినకురా కొడుకా అంటె ఇన్నడా? బంగారమసొంటి మూతి పాయె."

తమ్ముడు చెయ్యి పైకెత్తి ఆకాశం చూపించాడు. మళ్ళీ చూపించాడు. ఆమెకు అర్థం కాలేదు. దేవుణ్ణి చూపిస్తున్నాడనుకుని దండం పెట్టింది.

"అంబర్ కాదు బుచ్చవ్వా. ఎండకు అయిందట. డాక్టర్ చెప్పింది" అన్నాను.

"ఎండకు పుండయితదా టీచరమ్మా? గట్లయితె నాట్లేసేటోళ్ళకు, తాళ్ళెక్కే గౌండ్లోళ్ళకు మూతులే ఉండకపోవు."

వాడి తోలు వేరని చెప్పాను. ఆమె విన్నది. విని బాలామణి వైపు చూసింది. బాలామణి బీడీల చాట మీది నుంచి తల ఎత్తలేదు.

ఆ రోజుల్లో అక్షిత తొమ్మిదో తరగతి. బడిలో ఎవరూ ఆమెతో కలిసి కూర్చునేవాళ్ళు కాదు. నల్లబల్ల ఆనదు. కాని పరుగు పెడితే మాత్రం ఎవరూ అందుకోలేకపోయారు. సున్నపు గీత ఒక్కటి కనిపిస్తే చాలు, దాని మీద కళ్ళు పెట్టి పోయేది. పీ.ఈ.టి. సారు ఆమెను పొద్దునా సాయంత్రం గ్రౌండులో పరుగెత్తించేవాడు. ఆదివారాలు మధ్యాహ్నం కూడా. జిల్లాలో గెలిస్తే ఆటల హాస్టల్లో సీటు వస్తుందని ఆశపెట్టాడు. పిల్ల మొహం కందిపోయి, పొట్టు రేగి, కొత్త తోలు వచ్చి, మళ్ళీ కందిపోయేది.

తమ్ముడు ఆమెకు అడ్డం కూర్చునేవాడు. నిజంగానే. గడప మీద కాళ్ళు చాపి కూర్చుంటే ఆమె దాటిపోయేది. అమ్ముడుపోక మిగిలిన నూలు గుడ్డతో తలా మెడా కప్పేలా ఒక ముసుగు కుట్టాడు. దగ్గరగా చూడలేడు కనుక కుట్టు వేళ్ళతో తడుముతూ కుట్టాడు. పిల్ల అది వేసుకుని ఇంట్లోంచి బయలుదేరేది. సందు మలుపు తిరగ్గానే తీసి సంచిలో పెట్టుకునేది. బుచ్చవ్వ చెప్పింది నాకు.

ఉమ్మడి జిల్లా పోటీలు ఆ ఏడు జగిత్యాలలో పెట్టారు. కోరుట్ల పిల్లలను తీసుకుని నేనూ వెళ్ళాను. మధ్యాహ్నం ఆడపిల్లల పరుగు. అక్షిత గీత దగ్గర నిలబడి ఉంది. ముసుగు లేదు, చేతులు భుజాల దాకా బయటే ఉన్నాయి. నేను వెళ్ళి పలకరించాను. "అత్తా, మొదటచ్చినోళ్ళకే గాదు, రెండో ఆమెకు గూడ సీటిస్తరట" అంది. నేను ఆమెను ఆపలేదు. ఆమె నవ్వుతోంది.

విజిల్ వేశారు. పిల్లలు కదిలారు. అప్పుడు గ్రౌండు అవతలి మూల నుంచి ఒక మనిషి గీత దగ్గరికి వచ్చాడు. నడక చూసి గుర్తుపట్టాను. సిరిసిల్ల నుంచి ఒక్కడే బస్సెక్కి వచ్చాడు. బస్సు బోర్డులు చదవలేని వాడు, నోరు తెరిచి అడగలేని వాడు ఎవరిని ఎలా అడిగి వచ్చాడో ఇప్పటికీ తెలియదు.

అరచెయ్యి బోర్లించి కిందికి అదుముతున్నాడు. బందుపెట్టు. బందుపెట్టు. పిల్ల వాడి ముందు నుంచే పోయింది, చూడలేదు. ఆమె కళ్ళు ఎలాంటివో వాడికి తెలుసు. ఆ దూరానికి చెయ్యి ఆనదు. అందుకని రెండో చుట్టు మలుపులో వాడు మూతికి కట్టుకున్న తువ్వాలు విప్పాడు. తెల్లని తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపాడు.

గ్రౌండు అంతా వాడి మొహం చూసింది. పిల్లలు కొందరు అరిచారు. ఒక టీచరు చేతులు అడ్డం పెట్టి చిన్నపిల్లలను వెనక్కి తిప్పింది. అక్షిత తువ్వాలును చూసింది. ఒక్క క్షణం కాళ్ళు తడబడ్డాయి. తరువాత తల దించుకుని ఇంకా గట్టిగా పరుగెత్తింది. రెండోదిగా వచ్చింది.

నేను వెళ్ళి వాడికి తువ్వాలు కట్టాను. ఇద్దరినీ షామియానా నీడలో కూర్చోబెట్టాను. అక్షిత మొహం కమిలి ఎర్రగా ఉంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎండకో, ఏడుపుకో తెలియలేదు.

"ఎందుకచ్చినవ్ బాపూ? అందరు చూసిన్రు."

వాడు చేతులతో చెప్పాడు. ఆమె నా వైపు తిరిగింది. ఆమె పెరిగేనాటికి మా షెడ్డు లేదు. ఆ భాష ఆమెకు రాదు.

"ఎండలకు పోవద్దంటున్నడు. ఆయనకైనట్టు నీకు కావద్దంటున్నడు."

"బాపు అంబర్ తిన్నడు. నేను తింటున్ననా?"

"అంబర్‌తోటి కాలేదు బిడ్డా. ఎండతోటి అయింది. నీ తోలు, బాపు తోలు ఒక్కతీరు."

"అమ్మ గట్ల అనలే."

సాయంత్రం వేములవాడ మీదుగా బస్సులో వాళ్ళిద్దరినీ తంగళ్ళపల్లి తీసుకొచ్చాను. దారి పొడుగునా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బాలామణి బీడీలు చుడుతోంది. జరిగింది చెప్పాను. హైదరాబాదు తీసుకుపోదాం, నేనే తీసుకుపోతానన్నాను.

"నువ్వు చదువుకున్నదానివి వదినా. నీకు ఎరుకే" అంది. చేతులు ఆగలేదు. "అంబర్ అంటె మానిపియ్యచ్చు. ఈయనతోటి మానిపిచ్చిన. దాని తోలును నేనేం మానిపియ్యాలె?"

"మానిపియ్యుడు కాదు. కప్పుకోవాలె, నీడకుండాలె."

"నీడకు ఏం పనున్నది? చెప్పు. మనకింక సాంచాలున్నయా? ఇగో, గిదొక్కటున్నది" అని చాట చూపించింది. "పరుగుల సీటస్తె హాస్టల్ల బువ్వ, చదువు. రాకపోతె నా పక్కపొంటి కూసుండి పొగాకు దుమ్ము మింగాలె. రెండిట్ల ఏది మంచిదో నువ్వే చెప్పు. డాక్టరమ్మ చూసి ఎండకు పోవద్దంటది. గది రాసిచ్చినంక హాస్టలోళ్ళు తీసుకుంటరా? రేపు ఎవ్వలన్న చేసుకుంటరా?"

తమ్ముడు లేచి ఆమె ముందు కూర్చున్నాడు. అరచెయ్యి బోర్లించి రెండుసార్లు అదిమాడు. ఆమెకు ఆ సైగ వచ్చు. పెళ్ళయిన కొత్తలో ఆ షెడ్డులోనే కండెలు చుట్టింది.

"సాంచాలు బందయ్యే గద నువ్వు మస్కట్ పోయినవ్" అంది. "ఇంక ఏం బందువెట్టాలె?"

వాడు చెయ్యి అలాగే ఉంచాడు. ఆమె ఆకు కత్తిరిస్తూ ఉంది. లోపల గదిలో అక్షిత చన్నీళ్ళతో మొహం కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది.

ఎండలు ముదరకముందే వాడి మెడలో గడ్డ కనిపించింది. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలన్నారు. రోజూ పెట్టాలి కనుక హైదరాబాదులోనే ఉండాలన్నారు. ఆసుపత్రి వరండాలో చాప వేసుకుని ఉన్నాడు. కొన్నాళ్ళు బాలామణి, కొన్నాళ్ళు దశరథం, బడి లేని రోజుల్లో నేను. మిషను పాడైతే బాగయ్యేదాకా ఎదురుచూడాలి. మెడ తోలు నల్లబడి ఊడింది. నీళ్ళు కూడా మింగలేకపోయాడు. డాక్టరమ్మ రౌండ్సుకు వచ్చినప్పుడల్లా వాడు పడుకున్నవాడు లేచి కూర్చుని ఆమె వెనక వైపు చూసేవాడు, కూతురు వచ్చిందేమోనని. ఒకసారి ఆమె కూడా అడిగింది. "పిల్లను తీసుకొచ్చారా?" పరీక్షలున్నాయని చెప్పాను. అవి నిజంగానే ఉన్నాయి.

ఇక చేసేది లేదని ఇంటికి పంపారు. ఇంట్లో మంచం కిటికీ వైపు వేయమన్నాడు. కిటికీలోంచి సందు మలుపు కనపడదు వాడికి, వెలుతురు మాత్రమే తెలుస్తుంది. పిల్ల బయటికి పోయే వేళకు చెయ్యి లేచేది. చివరి రోజుల్లో మణికట్టు దాకానే లేచేది. పోయిన రోజు పొద్దున నన్ను పిలిచి గడప వైపు చూపించి, మంచం పట్టె మీద అరచెయ్యి రెండుసార్లు అదిమాడు. నేను సరే అన్నాను. వాడు మళ్ళీ అదిమాడు. నేను మళ్ళీ సరే అన్నాను.

వాడికి కొడుకు లేడు. దాయాది అన్నదమ్ములు ఒకరు భీవండిలో, ఒకరు దుబాయిలో ఉన్నారు. శవాన్ని ఆపే కాలం కాదు, వైశాఖం. కులపెద్ద పెంటయ్య ఆలోచించి, కూతురే తలకొరివి పెట్టాలన్నాడు. అక్షితకు నెత్తి మీద నీళ్ళు పోశారు. తడిబట్టలతో, తడి జుట్టుతో, నెత్తి మీద కొంగు కూడా లేకుండా నిప్పు కుండ పట్టుకుని ముందు నడవాలి. మానేరు ఒడ్డు దాకా. మిట్టమధ్యాహ్నమైంది.

నేను గొడుగు తెరిచాను.

"తప్పు బిడ్డా" అన్నాడు పెంటయ్య. "కుండ వట్టినోళ్ళకు గొడుగు వడుతరా? సచ్చినోడు మండుతాంటె నీడకు పోతరా?"

"వాడే వద్దన్నడు పెదబాపూ. పిల్లను ఎండలకు తియ్యద్దన్నడు."

"సచ్చిపోయే మనిషి ఏదో అంటడు. పద్ధతి పద్ధతే. మూయి."

ఏం చేయాలో తెలియక బాలామణి వైపు చూశాను. ఆమె గోడకు ఒరిగి ఉంది, ఎవరినీ చూడటం లేదు. అప్పుడు పాడె మోస్తున్న దశరథం తన భుజం ఇంకొకరికి ఇచ్చి వచ్చాడు. నా చేతిలోంచి గొడుగు లాక్కుని అక్షిత నెత్తి మీద పట్టాడు.

"అరే దశరథం! మూయిరా!" అని పెంటయ్య అరిచాడు.

"ఏందీ?"

"గొడుగు మూయిమంటున్న!"

"ఇనవడతలేదు పెదబాపూ, డప్పులు కొడుతున్నరు" అని నడుస్తూనే ఉన్నాడు.

అలా వాగు దాకా పోయాం. వాగు దిగేచోట ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి గొడుగు తీసుకున్నారు. అతను పెనుగులాడలేదు. తరువాతిదంతా ఇసుక మీదే జరిగింది. పైన ఎండ, కింద ఇసుక. అక్షిత చితి చుట్టూ తిరిగింది, నిప్పు పెట్టింది, పుర్రె పగిలేదాకా ఉండాలంటే ఉంది. నేను ఆమెకు పొద్దు వైపు నిలబడ్డాను. నా నీడ పొట్టిగా ఉంది, ఆమె పాదాల దాకా కూడా పోలేదు.

ఆ రాత్రికి ఆమె మొహం, మెడ పొక్కులు కట్టాయి. కర్మ చేసే పెద్దదినం నాటికి అన్నీ ఎండిపోయాయి, ఎడమ చెవి అంచున ఒక్కటి తప్ప. అది పైన పొక్కు కట్టి ఊడుతుంది. కింద తడిగా ఉంటుంది. మళ్ళీ కడుతుంది. బాలామణి అది కమ్మ ఒరుసుకుని అయిందంటుంది. కమ్మలు తీసి దాచి పెట్టింది. పసుపు రాస్తోంది.

ఏడాది తిరిగింది. పది పూర్తయ్యాక చేరమని ఆటల హాస్టల్లో సీటు ఇచ్చారు. కాలేజీలు తెరవగానే పోవాలి. పొద్దున లేవగానే గ్రౌండు, మళ్ళీ సాయంత్రం గ్రౌండు. నేను ఫోన్ చేసినప్పుడల్లా హైదరాబాదు సంగతి ఎత్తుతాను. "హాస్టల్ల చేరనియ్యి వదినా, చేరినంక చూద్దాం" అంటుంది బాలామణి. అక్షిత మొదట్లో ఫోన్ తల్లికి ఇచ్చేసేది.

మొన్న తనే చేసింది.

"అత్తా, జగిత్యాల గ్రౌండుల బాపు చేతితోటి ఏదో అన్నడు గద. గిట్ల కిందికి. గదేంది?"

"సాంచా బందుపెట్టమని."

ఆమె ఫోన్ పెట్టేయలేదు. వెనక సాంచాలు నడుస్తున్నాయి; మళ్ళీ ఏదో ఆర్డరు వచ్చినట్టుంది. ఆ చప్పుడే కాసేపు విన్నాను.

"చెవి తగ్గిందా?" అని అడిగాను.

"లే" అంది.

డాక్టరమ్మ ఒక్కసారి తీసుకురమ్మంది. అక్షితను ఇంకా తీసుకుపోలేదు.